కోనసీమకు వచ్చినవాళ్లు తేనెపిట్టను ఎక్కడ చూడాలి?



చుట్టూ నీళ్లు, మధ్యలో పచ్చటి దీవి, గట్టు పొడవునా కొబ్బరిచెట్లు, పొద్దున్నే వసారా ముందు పువ్వు దగ్గర గాల్లో నిలబడి తేనె తాగే బుల్లి పిట్ట. సెలవుల ప్రకటనల్లో ఈ బొమ్మ మీరు చూసే ఉంటారు. ఆ పిట్ట పేరు హమ్మింగ్‌బర్డ్. ట్రినిడాడ్, క్యూబా, మార్టినీక్ లాంటి కరీబియన్ దీవులకు దాన్ని చూడ్డానికే పనిగట్టుకుని వెళ్లేవాళ్లున్నారు. ట్రినిడాడ్ వాళ్లైతే తమ దేశ రాజముద్రలోనే రెండు హమ్మింగ్‌బర్డ్‌లను పెట్టుకున్నారు.

ఆ పిట్ట మన దేశంలో లేదు. ఉత్తర, దక్షిణ అమెరికాల్లోనూ వాటి చుట్టుపక్కల దీవుల్లోనూ తప్ప ప్రపంచంలో మరెక్కడా ఇప్పుడు బతకడం లేదు. కానీ ఆ బొమ్మలో ఉన్న మిగతావన్నీ మనకున్నాయి. గౌతమి, వసిష్ఠ పాయలు రెండూ, కింద బంగాళాఖాతం కలిసి చుట్టేసిన, మధ్యలో వైనతేయ పారే కోనసీమ ఉంది. ఆ కొబ్బరితోటల్లో, అరటితోటల్లో, పెరటి మందారాల్లో తేనెపిట్ట ఉంది. కొత్తపేట, అమలాపురం, రాజోలు వైపు సెలవులకు వచ్చేవాళ్లు దాన్ని ఎక్కడ, ఏ వేళప్పుడు, ఎలా చూడాలో చెప్పాలని ఈ ప్రసంగం.

ముందుగా ఒక పొరపాటు సరిచేసుకుందాం. మా ఇంట్లోకి హమ్మింగ్‌బర్డ్ వచ్చిందంటూ మన ఊళ్ల నుంచి ఫోన్లలో తిరిగే వీడియోల్లో కనిపించేది తేనెపిట్ట. సందె చీకట్లో రాధామనోహరం తీగ దగ్గరో, చంద్రకాంత పూల దగ్గరో ఝుమ్మని రెక్కలాడిస్తూ, పొడుగాటి తొండం చాచి పువ్వు పువ్వుకీ ఆగుతూ కనిపించేది పిట్టే కాదు. అది రాత్రిపూట తిరిగే సీతాకోకచిలుక జాతి పురుగు. రెండూ చూడదగ్గవే. కాకపోతే దేన్ని చూస్తున్నామో తెలిసి చూస్తే ఆ ఆనందం వేరు.

హమ్మింగ్‌బర్డ్‌లలో 360కి పైగా జాతులున్నాయి. క్యూబాలో ఉండే అతి చిన్న జాతి పిట్ట బరువు 2 గ్రాములు కూడా ఉండదు. ప్రపంచంలో అంతకన్న చిన్న పక్షి లేదు. భుజం కీలు దగ్గర రెక్కను పూర్తిగా తిప్పగలగడం వల్ల, రెక్క ముందుకు కొట్టినప్పుడూ వెనక్కి కొట్టినప్పుడూ కూడా దానికి గాలి ఊతం దొరుకుతుంది. అందుకే పువ్వు ముందు గాల్లో కదలకుండా నిలబడగలదు, వెనక్కి కూడా ఎగరగలదు. మన తేనెపిట్టలు ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియా ఉత్తర భాగాల్లో పరుచుకున్న వేరే కుటుంబం. వాటిలో 140కి పైగా జాతులున్నాయి. ఇవీ ఒకటి రెండు క్షణాలు గాల్లో నిలబడగలవు గానీ, కొమ్మ మీదో కాడ మీదో వాలి నింపాదిగా తాగడమే వీటికి ఇష్టం. చూసేవాళ్లకు ఇదే మేలు. హమ్మింగ్‌బర్డ్ కళ్ల ముందు నుంచి మాయమైపోతుంది. తేనెపిట్ట కూర్చుంటుంది, రంగులన్నీ చూపిస్తుంది, గొంతెత్తి కూస్తుంది.

ఈ రెండు కుటుంబాలకూ చుట్టరికం లేదు. పువ్వులోని తేనె తాగే పనే రెండు చోట్లా విడివిడిగా పొడుగు ముక్కును, మెరిసే ఈకలను తయారుచేసింది. మరి హమ్మింగ్‌బర్డ్‌కు దగ్గరి చుట్టం ఎవరంటే, స్విఫ్ట్ పక్షి. మన తాటిచెట్ల దగ్గర సాయంత్రం వేళ కొడవలి ఆకారపు రెక్కలతో గిరగిరా తిరిగే సన్నటి బూడిదరంగు పిట్టలను గమనించారా? తాటాకు అడుగుభాగాన ఉమ్మితో అతికించి గూడు కట్టుకునే ఆ తాటి స్విఫ్టే మన కోనసీమలో హమ్మింగ్‌బర్డ్ వంశానికి ప్రతినిధి. ఇంకో విశేషం చెప్పాలి. జర్మనీలో దొరికిన, సుమారు 3 కోట్ల ఏళ్ల నాటి హమ్మింగ్‌బర్డ్ శిలాజాలను 2004లో శాస్త్రవేత్త గెరాల్డ్ మేయర్ వెలుగులోకి తెచ్చారు. అంటే ఒకప్పుడు ఆ వంశం మన వైపు ఖండాల్లోనూ ఉండేదన్నమాట.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

కోనసీమలో తేనెపిట్టను చూడ్డానికి నా దృష్టిలో అన్నిటికన్నా మంచి చోటు రిసార్టు కాదు, పడవ కాదు, పాతకాలపు ఇంటి పెరడు. కొత్తపేట నుంచి అంబాజీపేట మీదుగా అమలాపురం దాకా కాలవగట్ల వెంట ఉన్న ఊళ్లలో ఇంకా అలాంటి పెరళ్లు మిగిలాయి. నుయ్యి పక్కన అరటి పిలకలు, ప్రహరీకి బదులు మందారం కంచె, దొడ్డివైపు మునగచెట్టు, దడి మీదికి పాకిన కాశీరత్నం. ఇవి ఉన్న ఇంటికి తేనెపిట్ట రాకుండా ఉండదు.

అరటిపువ్వు దగ్గర ఒక పావుగంట నిలబడి చూడండి. గెల కొసన వేలాడే ముదురు ఎరుపు పువ్వులో పై దొప్ప ఒకటి పొద్దుటికల్లా లేచి వెనక్కి చుట్టుకుని ఉంటుంది. దాని కింద లేత పసుపు పూలు వరసగా బయటపడతాయి. ఒక్కో పువ్వులో జిగురు జిగురుగా తేనె. ముందు సన్నటి కూత వినబడుతుంది. తరవాత, మీ బొటనవేలంత పిట్ట వచ్చి ఆ లేచిన దొప్ప అంచు పట్టుకుంటుంది. తల కిందులుగా వేలాడి, వంపు తిరిగిన ముక్కును మొదటి పువ్వులోకి దించుతుంది, తీస్తుంది, రెండో పువ్వు. వరస అయ్యాక గెల కాడ మీదికి ఎక్కి, ముక్కును అటొకసారి ఇటొకసారి కాడకేసి రుద్దుకుంటుంది. అప్పుడు ఎండ పడితే దాని తల మీద పచ్చటి మెరుపు, గొంతు మీద ఊదా మెరుపు కనిపిస్తాయి. పిట్ట కాస్త పక్కకు తిరిగితే ఆ రెండు మెరుపులూ ఆరిపోయి నల్లగా కనిపిస్తుంది. ఈకలో ఆ రంగు లేదు. ఈక లోపలి సన్నటి పొరల మీద వెలుగు పడి చెదరడం వల్ల పుట్టే రంగు అది. అందుకే సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడాలి.

మనం తినే అరటికి విత్తనం లేదు. పరాగసంపర్కం లేకుండానే కాయ కడుతుంది. కాబట్టి తేనెపిట్ట వచ్చినా రాకపోయినా గెలకు లాభం లేదు, నష్టమూ లేదు. ఆ తేనె పూర్తిగా దానికే. అయితే రావులపాలెం మార్కెట్‌కు గెలలు పంపే తోటల్లో హస్తాలు కట్టడం పూర్తి కాగానే పువ్వును కోసేస్తారు. కాయ బాగా ఊరడానికి అది అవసరమే, రైతును తప్పు పట్టనక్కర్లేదు. చూడాలనుకునేవాళ్లు మాత్రం అప్పుడప్పుడే గెల వేస్తున్న చెట్టునో, పువ్వు కోయని పెరటి చెట్టునో వెతుక్కోవాలి.

కోనసీమలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఊదా నడుము తేనెపిట్టలో మగదానికి పొట్ట పసుపు, వీపు ముదురు ఎరుపు, తోక మొదట్లో ఊదా. ఇది ఏడాది పొడుగునా అదే వేషంలో ఉంటుంది. రెండోది ఊదా తేనెపిట్ట. దీని మగపిట్ట సంతాన కాలంలో నిలువెల్లా నల్లటి నీలంగా మెరుస్తుంది. ఆ కాలం అయిపోయాక, వానలు వెనకపట్టి చలి మొదలయ్యే రోజుల్లో ఆ ఈకలు రాల్చేసి ఆడదానిలా మారుతుంది. గొంతు నుంచి పొట్ట దాకా ఒక నల్లటి చార మాత్రం మిగులుతుంది. దసరా సెలవులకు వచ్చి మెరిసే పిట్ట కనబడలేదని నిరాశపడేవాళ్లు ఆ నల్లచార పిట్ట కోసం చూడండి. దక్షిణాదిలో ఇంకొకటి, బాగా పొడుగు ముక్కు ఉన్న జాతి కూడా ఉంది. శ్రీలంకలో డచ్చి గవర్నరుగా పనిచేసిన లోటెన్ పేరు దానికి పెట్టారు. ముక్కు పొడుగు చూస్తే పోల్చుకోవచ్చు.

పెరడు తరవాత గుళ్లు. పూజకు పూలు కావాలి కాబట్టి గుడి తోటల్లో మందారం, నూరువరహాలు, గన్నేరు ఉంటాయి. అయినవిల్లి, వైనతేయ ఒడ్డున అప్పనపల్లి, కొత్తపేట దగ్గర పలివెల, గౌతమి గట్టున వాడపల్లి, ఇలాంటి క్షేత్రాలకు వెళ్లినప్పుడు దర్శనం అయ్యాక తోట వైపు ఒక్క నిమిషం ఆగండి. పెద్ద మందారం దగ్గర తేనెపిట్ట చేసే పని చూడాలి. పువ్వు ముందువైపు నుంచి పోతే తేనె అందదు. అందుకని పువ్వు వెనక, కాడ మొదట్లో, ముక్కుతో చిన్న బెజ్జం పొడిచి అటునుంచి లాగేస్తుంది. పుప్పొడి అంటదు, పువ్వుకు ఏ సాయమూ జరగదు. రాలిన మందారాలను తిప్పి చూస్తే ఆ బెజ్జం గుర్తు కనిపిస్తుంది.

రాజోలు వైపు, వసిష్ఠ ఒడ్డున దిండి ఉంది. పడవ షికారుకు చాలామంది అక్కడికే వస్తారు. నది మీద మీకు కొంగలు, నీటికాకులు కనిపిస్తాయి గానీ తేనెపిట్ట కనబడదు. అది చూడాలంటే పొద్దున్న ఆరున్నరకు బస నుంచి బయటికి వచ్చి కొబ్బరితోటల మధ్య దారిలో నడవాలి. ఈ మధ్య రిసార్టుల్లో, కొత్త ఇళ్ల ముందు హమీలియా అనే పొద వేస్తున్నారు. నారింజ ఎరుపులో సన్నటి గొట్టాల్లాంటి పూలు గుత్తులుగా పూస్తుంది. పుట్టిల్లు అమెరికా ఖండం, అక్కడ దాన్ని హమ్మింగ్‌బర్డ్‌ల కోసమే నాటుతారు. మన దడుల మీద పూసే కాశీరత్నమూ ఆ ఖండం నుంచి వచ్చిందే, దాని ఎర్రటి గొట్టమూ హమ్మింగ్‌బర్డ్ ముక్కుకు సరిపడేదే. పూలు సముద్రాలు దాటి మన ఊరొచ్చాయి, పిట్ట రాలేదు. ఆ పూలను మన తేనెపిట్ట స్వంతం చేసుకుంది. ఇది నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

మనుషులు మాత్రం అటు వెళ్లారు. 1845లో ట్రినిడాడ్‌కు భారతీయ కూలీల మొదటి ఓడ చేరింది. తరవాతి రోజుల్లో మద్రాసు రేవు నుంచి ఆ దీవులకు ఓడలెక్కినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. చెరకుతోటల మధ్య ఆ పిట్టను మొదటిసారి చూసినప్పుడు వాళ్లకు ఊరి తేనెపిట్ట గుర్తుకు రాకుండా ఉంటుందా? ఇవాళ అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన మన పెద్దవాళ్లు, పెరట్లో ఎర్రటి సీసా వేలాడదీసి పంచదార నీళ్లు పోస్తే హమ్మింగ్‌బర్డ్ వచ్చి తాగుతుందని ఫోనులో చెబుతుంటారు. అక్కడ తూర్పు రాష్ట్రాల్లో తిరిగే కెంపు గొంతు పిట్ట బరువు 3 గ్రాములు, సెకనుకు 50 సార్ల చొప్పున రెక్కలాడిస్తుంది. చలికాలానికి ముందు చాలా పిట్టలు మెక్సికో సింధుశాఖను దాటి దక్షిణానికి పోతాయి. అది చూసి వచ్చినవాళ్లు ఇక్కడా అలాంటి సీసాలు కట్టాలని ముచ్చటపడతారు. వద్దని నా మనవి. మన ఎండకు పంచదార నీళ్లు పూటలో పులిసిపోతాయి. ఒక మందారం మొక్క నాటితే ఏడాదంతా తాజా తేనె దొరుకుతుంది.

పూల కాలాన్ని బట్టి కూడా చోటు మారుతుంది. సంక్రాంతికి వచ్చేవాళ్లకు అరటి, మునగ, కాశీరత్నం. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లేవాళ్లు ఆ కొబ్బరితోటల దారిలో కాస్త చెవి ఒగ్గి నడిస్తే కూత వినబడుతుంది, జనం మూగకముందే వెళ్లాలి మరి. మాఘమాసంలో అంతర్వేది తీర్థం నాటికి బూరుగు, బాడిద చెట్లు ఆకు రాల్చి ఎర్రగా పూస్తాయి. ఆకు అడ్డం ఉండదు కాబట్టి కింద నిలబడి పిట్టలన్నిటినీ చూడవచ్చు. ఆ చెట్ల మీద తేనెపిట్టతోపాటు గోరింకలు, కాకులు కూడా తేనెకు మూగుతాయి. పి.గన్నవరం దగ్గర గోదావరి లంకల్లో ఒకదాని పేరే బూరుగులంక. వరద రోజుల్లో ఆ లంకల రాకపోకలు పడవల మీదే. చలికాలంలో వెళ్లి, లంక రైతుల అనుమతి అడిగి కూరపాదుల గట్ల మీద నడవండి.

మామిడిచెట్టు మీద పెరిగే బదనికను మరిచిపోకూడదు. చెట్టుకు పట్టిన చీడ అని కొట్టేస్తాం గానీ, దాని గొట్టపు పూలకు తేనెపిట్టే పరాగసంపర్కం చేస్తుంది. ఆ పండు తినేది ఇంకా చిన్న పిట్ట, మన దేశపు అతి చిన్న పక్షుల్లో ఒకటి. గింజ జిగురు వదలక కొమ్మకు రుద్దితే అక్కడ కొత్త బదనిక మొలుస్తుంది. పూలకూ పక్షులకూ ఉన్న ఈ ఒప్పందాల మీద సలీం అలీ 1930లలోనే బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రాశారు. తోటనిండా పాకితే కొట్టక తప్పదు. ఒక ముసలి చెట్టు మీద ఒక గుబురు ఉంటే ఉండనివ్వవచ్చు.

సముద్రం వైపు వెళ్లేవాళ్లకు కాట్రేనికోన మండలంలో మడ అడవులున్నాయి. కందికుప్ప, మగసానితిప్ప చుట్టూ నీటి పాయలు. గౌతమికి ఆవల 1978లో ఏర్పడ్డ కోరింగ అభయారణ్యమూ ఇలాంటిదే. మడ చెట్లలో ఎర్రటి గట్టి రేకుల తొడుగున్న పెద్ద పూల జాతి ఒకటుంది. తేనె కోసం పిట్ట ముక్కు తగలగానే రేకు చటుక్కున విచ్చుకుని పుప్పొడి దాని మొహాన చిమ్ముతుంది. ఆ పుప్పొడితోనే అది ఇంకో పువ్వుకు పోతుంది. మడ అడవి గాలివానలకు, ఉప్పెనకు మనకు అడ్డుగోడ అని అందరం చెప్పుకుంటాం. ఆ గోడ కట్టే కూలీల్లో ఈ పిట్ట కూడా ఉంది.

ఇక గూడు. ఫిబ్రవరి నుంచి వేసవి దాకా ఎక్కువ గూళ్లు కనిపిస్తాయి. గూడు కట్టేది ఆడపిట్ట. బెరడు పొట్టు, ఎండుగడ్డి, పురుగుల పెంట, కాగితం ముక్కలు, అన్నీ సాలెగూటి దారంతో కలిపి, కొమ్మ కొసకు సంచిలా వేలాడదీస్తుంది. పక్కన ద్వారం, ద్వారానికి పైన చిన్న చూరు. లోపల దూదితో మెత్తగా పరుస్తుంది. మామూలుగా పెట్టేది రెండు గుడ్లు. మనుషులు తిరిగే వసారాలోనే, కరెంటు తీగకో దండేనికో కట్టడం దీనికి అలవాటు. అమలాపురం దగ్గర ఒక ఊళ్లో బట్టలారేసే దండెం మధ్యలో గూడు వేలాడుతుంటే చూశాను. దగ్గరికి వెళ్లబోతే ఆ ఇంటి పెద్దావిడ, "దగ్గరికెళ్లకండి బాబూ, లోపల పిల్లలున్నాయండి. ఆటి రెక్కలొచ్చేదాకా బట్టలు డాబా మీదే ఆరేస్తున్నామండి" అన్నారు. ఆవిడ మాట్లాడుతుండగానే తల్లి ముక్కున సాలెపురుగును పట్టుకొచ్చి, మమ్మల్ని చూసి మందారం మీద ఆగింది. మేం నాలుగడుగులు వెనక్కి జరిగాకే గూటిలో తల పెట్టింది.

ఆ సాలెపురుగును గుర్తుపెట్టుకోండి. పెద్ద పిట్ట తేనె మీద బతుకుతుంది గానీ, పిల్లలు పెరగాలంటే పురుగులు కావాలి, గూడు నిలవాలంటే సాలెగూళ్లు కావాలి. మనం రెండిటినీ తుడిచేస్తున్నాం. కంచె తీసి సిమెంటు ప్రహరీ కడుతున్నాం, పూలు లేని పచ్చిక పరుస్తున్నాం. అల్లవరం, ఉప్పలగుప్తం, మలికిపురం, సఖినేటిపల్లి వైపు తోటలు, పొలాలు రొయ్యల చెరువులవుతున్నాయి. చెరువు గట్టు మీద పూచే చెట్టు ఉండదు. కొబ్బరికి తెల్లదోమ వచ్చినప్పుడు కనబడ్డ మందల్లా కొట్టడం కన్నా మిత్రపురుగులను, దోమను చంపే శిలీంధ్రాన్ని వాడడం మేలని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం రైతులకు చెబుతూ వచ్చింది. ఆ మాట విన్న తోటలో పిట్టకూ తిండి మిగులుతుంది.

చూడ్డానికి వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. పొద్దున్న ఆరున్నర నుంచి తొమ్మిది దాకా మంచి సమయం, మళ్లీ నాలుగు దాటాక. పిట్ట వెంట పరుగెత్తకండి. పువ్వు ఎక్కడుందో చూసుకుని అక్కడ కదలకుండా నిలబడితే అదే తిరిగి తిరిగి వస్తుంది. దుర్భిణి ఉంటే మంచిదే, లేకపోయినా పదడుగుల దూరం నుంచి కళ్లకే కనబడుతుంది. గూడు దగ్గర ఫోటోల కోసం కొమ్మలు వంచకండి, ఆకులు తెంపకండి. నీడ పోతే పిల్లలు ఎండకు చచ్చిపోతాయి, ద్వారం కనబడితే కాకి వస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ పిట్టకూ వర్తిస్తుంది. మోటారుసైకిలు అద్దంలో తన నీడను చూసి ఇంకో మగపిట్ట అనుకుని గంటలకొద్దీ పొడుస్తుంటుంది మగ తేనెపిట్ట. అలా జరుగుతుంటే అద్దానికి ఒక గుడ్డ కట్టండి, దానికి ఆ శ్రమ తప్పుతుంది.

పరాయి పెరట్లోకి వెళ్లేముందు ఇంటివాళ్లను పిలిచి అడగండి. కోనసీమలో అడిగితే కాదనరు, కొబ్బరినీళ్లు కూడా ఇస్తారు. ఇంటివాళ్లకు నా మనవి ఒక్కటే. ఈసారి పెరటి అరటి గెల వేసినప్పుడు ఒక్క చెట్టుకైనా పువ్వు కోయకుండా ఉంచండి, గోడ పక్కన ఒక మందారం కొమ్మ పాతండి, వసారా మూల సాలెగూడును మార్చి నుంచి మే దాకా దులపకండి.